కోడె, ఎద్దు, ఆడ పిల్లి: ఒత్తిడి హార్మోన్ల చరిత్రలో ఒక పుట

బోధన్‌లో 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలసిన తరువాత అనేక సంవత్సరాల పాటు చుట్టుపక్కల గ్రామాల చెరుకు ఎడ్లబండ్ల మీదనే శక్కర్‌నగర్ చేరేది. నిజాంసాగర్ కాలువల కింద చెరుకు పండించిన కోటగిరి, వర్ని, రుద్రూరు ప్రాంతాల రైతుకు బండి ఎద్దును ఎంచుకోవడం చిన్న విషయం కాదు. నిండు బండిని లాగే బలం దానికి ఉండాలి. కర్మాగారం గేటు ముందు బారులు తీరిన బండ్ల నడుమ, ముందు వెనుకల పరాయి ఎడ్లున్నా, గంటల తరబడి కదలక నిలిచే సహనమూ ఉండాలి. ఈ రెండు గుణాలు ఒకే మగ పశువులో సహజంగా కలిసి రావు. అందువలన రైతు అటువంటి పశువును తానే తయారు చేసుకునేవాడు.

కోడె, ఆంబోతు, ఎద్దు అనే మూడు మాటలూ మగ పశువుకు మన భాషలో ఉన్న పేర్లే. కోడె వయసుకు వస్తున్నది, ఆంబోతు ఊరి మీదకు వదిలినది, ఎద్దు విత్తులు కొట్టించినది. కట్టుబాటు లేక తిరిగే మనిషిని ‘అచ్చోసిన ఆంబోతు’ అని తిట్టిన మన పెద్దలకు హార్మోన్ అనే మాట తెలియదు. అయినా నడవడికకు, వృషణాలకు ఉన్న సంబంధం వారికి తెలుసు.

ఆ పనిని ఎప్పుడు చేయించాలన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం. బర్డిజో అనే ఇటలీ దేశస్థుని పేరుతో పిలిచే పటకారు పశువైద్యశాలలకు రాకముందు వృషణాలను కర్రల మధ్య బిగించి నలగ్గొట్టేవారు. పశువుకు అదెంత నరకమో చెప్పనక్కరలేదు. ఐతే లేగగా ఉన్నప్పుడే ఆ పని చేయించేవారు కారు. మెడ, మూపురం తిరిగేదాకా, అంటే సుమారు రెండు మూడేళ్ల వయసు వచ్చేదాకా ఆగేవారు. ముందే చేయిస్తే మూపురం ఎదగదు. మరీ ఆలస్యం చేస్తే కుమ్మే అలవాటు పోదు. ఈ వయసు లెక్కను గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. దీని విలువ ప్రయోగశాలకు 1959లో గాని తెలిసిరాలేదు.

వృషణాలు తీసిన జంతువు స్వభావం మారుతుందని క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే అరిస్టాటిల్ వ్రాశారు. అది ఎలా మారుతుందో తెలియడానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు కోడిపుంజు పిల్లలపై ప్రయోగం చేశారు. వృషణాలు పూర్తిగా తొలగించినవి కూయలేదు, పోట్లాడలేదు, పెట్టల జోలికి పోలేదు. వృషణాన్ని తీసి కడుపులో మరొక చోట అతికించినవి మాత్రం మామూలు పుంజుల వలెనే పెరిగాయి. కోసి చూస్తే అతికించిన వృషణానికి పాత నరాల సంబంధం ఏదీ లేదు, క్రొత్త రక్తనాళాలు మాత్రం ఏర్పడ్డాయి. అంటే పుంజును పుంజుగా చేసేది రక్తంలో ప్రయాణించే ఒక పదార్థం. ఇంతటి ప్రయోగాన్ని దాదాపు అర్ధ శతాబ్దం ఎవరూ పట్టించుకోలేదు. ‘హార్మోన్’ అన్న పేరును లండన్‌లో స్టార్లింగ్ 1905లో ప్రచారంలోకి తెచ్చారు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకర్ బృందం సుమారు 100 కిలోల ఆంబోతు వృషణాల నుండి 10 మిల్లీగ్రాముల స్ఫటికాన్ని వేరుచేసి దానికి టెస్టోస్టెరోన్ అని పేరు పెట్టింది. చిటికెడు కూడా లేని ఆ పదార్థమే కోడెకు, ఎద్దుకు ఉన్న వ్యత్యాసం.

ఇక 1959. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఫీనిక్స్, గోయ్, జెరాల్, యంగ్ అనే నలుగురు శాస్త్రజ్ఞులు చూలుతో ఉన్న గినీ పందులకు టెస్టోస్టెరోన్ ఇచ్చారు. వాటికి పుట్టిన ఆడ పిల్లలు పెద్దయ్యాక కూడా కొంతవరకు మగవాటి నడవడికనే చూపాయి. పెద్దయిన ఆడ జంతువులకు అదే మందు ఇస్తే అంతటి స్థిరమైన మార్పు రాలేదు. లైంగిక హార్మోన్లు రెండు పనులు చేస్తాయని దీనివలన తేలింది. ఎదిగే దశలో శరీరాన్ని, మెదడును ఒక తీరుగా కట్టిపెడతాయి. ఎదిగిన తరువాత ఆ కట్టడాన్ని నడిపిస్తాయి. మూపురం తిరిగేదాకా ఆగిన రైతు కట్టడాన్ని పూర్తి కానిచ్చి, తరువాత నడిపించే శక్తిని తీసివేసేవాడన్నమాట. రెండింటినీ ఒకటిగా చూడడం తగదు గాని, పశువు ఎదుగుదలలో రైతు కనిపెట్టిన తేడా ఈ తీరుదే.

ఇంతవరకు చెప్పినది లైంగిక హార్మోన్ల కథ. దీనికి సమాంతరంగా మరొక కథ నడిచింది. మూత్రపిండాల మీద టోపీల వలె కూర్చున్న అడ్రినల్ గ్రంథులది. భయం కలిగిన క్షణంలో వాటి లోపలి భాగం అడ్రినలిన్‌ను వదులుతుంది. గుండె దడ, చెమట, కండరాలకు రక్తం పరుగు దానివలననే. కొన్ని నిమిషాల తరువాత పై పొర నుండి కార్టిసోల్ వస్తుంది. అది చక్కెరను రక్తంలోకి తెచ్చి, అప్పటికి అవసరం లేని పనులను తగ్గించి, జరిగినదాన్ని మెదడులో ముద్రిస్తుంది. ఈ విజ్ఞానానికి పునాది వేసినవారిలో హార్వర్డ్ ఆచార్యులు వాల్టర్ కానన్ ముఖ్యులు. ‘పోరాడు లేదా పారిపో’ అనే ప్రతిస్పందన ఆయన పేరుతోనే ముడిపడి ఉన్నది.

కానన్ విద్యార్థిగా ఉన్నప్పుడు, 1890ల చివర, అప్పుడే వచ్చిన ఎక్స్-కిరణాలతో పిల్లుల జీర్ణాశయ కదలికలను చూసేవారు. కొన్ని పిల్లులలో కదలిక చక్కగా కనిపించేది, కొన్నింటిలో అసలే ఉండేది కాదు. కారణం తెలియక ఆయన కొన్ని వారాలు తికమకపడ్డారు. చివరకు తేలినదేమంటే, మగ పిల్లులను పట్టీలతో కట్టగానే అవి ఆగ్రహంతో కొట్టుకునేవి, వాటి జీర్ణాశయం నిలిచిపోయేది. ఆడ పిల్లులు, అందులోనూ వయసు మీరినవి, నెమ్మదిగా పడుకునేవి, వాటి జీర్ణాశయం తన పని తాను చేసుకునేది. ఒకసారి పిల్లల తల్లి అయిన పిల్లి ఒకటి ఉన్నట్టుండి ఆందోళన పడింది. వెంటనే దాని కదలికలు ఆగిపోయాయి. నిమిరి, బుజ్జగించి, అది గురగురలాడిన తరువాతనే మళ్లీ మొదలయ్యాయి. 1915లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథంలో కానన్ ఈ సంగతిని వ్రాశారు కూడా.

అంటే ఒత్తిడి శాస్త్రపు తొలి పుటలోనే ఆడ, మగ తేడా ఉన్నది. తల్లి అయిన ఆడదాని స్పందన వేరుగా ఉండగలదన్న సూచనా ఉన్నది. ఆ తరువాతి తరాలవారు ఆ వాక్యాలను దాటి వెళ్లిపోయారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన మరుపు ఇది.

1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న లేఖ ప్రచురించారు. ఆయన మొదట వెదికినది అండాశయంలో క్రొత్త హార్మోన్ కోసం. ఎలుకలకు ఎక్కించిన సారం శుద్ధమైనది కాకపోవడంతో అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. చలి, గాయం, అతి శ్రమ వలన కూడా అదే జరుగుతుందని ఆయన గ్రహించారు. నేడు ప్రతి ఇంటా వినిపించే ‘స్ట్రెస్’ అనే మాటకు వైద్యార్థం ఆ దారిలోనే వచ్చింది. ఆ తరువాత ప్రయోగశాలలలో మగ ఎలుకే ప్రమాణమైపోయింది. ఆడ ఎలుకకు నాలుగైదు రోజులకొక రుతుచక్రం ఉంటుంది గనుక ఫలితాలు చెదిరిపోతాయని చెప్పేవారు. ఎంతగా పక్కన పెట్టారంటే, 2011లో బీరీ, జుకర్ పరిశీలించినప్పుడు నాడీశాస్త్ర పరిశోధనలలో మగ జంతువులను మాత్రమే వాడినవి, ఆడ జంతువులను మాత్రమే వాడినవాటికి అయిదున్నర రెట్లు ఉన్నాయి. చెదిరిపోతాయన్న వాదమైనా నిలిచిందా? 2014లో ప్రెండర్‌గాస్ట్ బృందం 293 పరిశోధన పత్రాలను కలిపి చూసి, ఆడ చిట్టెలుకల ఫలితాలు మగవాటికంటే ఎక్కువగా చెదిరేవి కావని తేల్చింది.

ఆడ ఎలుకలను చూసిన కొద్దిమందికి కనిపించినది ఆషామాషీ తేడా కాదు. ఆడ ఎలుకల అడ్రినల్ గ్రంథి మగవాటికంటే ఎక్కువ ఒత్తిడి హార్మోన్‌ను స్రవిస్తుందని 1961లోనే కిటే చూపారు. 1998లో వుడ్, షోర్స్ ఎలుకలకు ఒక శబ్దం వినగానే రెప్ప వేయడం నేర్పారు. ముందుగా ఒత్తిడికి గురైన మగ ఎలుకలు మామూలుకంటే త్వరగా నేర్చుకున్నాయి. అదే ఒత్తిడికి గురైన ఆడ ఎలుకలు వెనుకబడ్డాయి. అండాశయాలు తొలగించిన ఆడ ఎలుకలలో ఈ వెనుకబాటు కనిపించలేదు. ఒకే దెబ్బ, ఒకే పాఠం, ఫలితాలు మాత్రం ఎదురెదురు. దీన్నిబట్టి ఆడవాటికి నేర్చుకునే శక్తి తక్కువని ఎవరైనా అంటే అది ప్రయోగాన్ని సరిగా చదవకపోవడమే. ఒత్తిడి హార్మోన్ ఒక్కటే తీర్పు చెప్పదు, అది ఏ శరీరంలో ఏ హార్మోన్ పక్కన పనిచేస్తున్నదో చూడాలని మాత్రమే దాని అర్థం.

మనుషులలో కూడా ఈ ఛాయలున్నాయి. 2009లో లైట్‌హాల్, మాథర్ బృందం కొందరి చేతిని మంచునీటిలో ఉంచి, ఆ తరువాత ఒక ఆట ఆడించింది. తెర మీది బుడగను ఊదినకొద్దీ డబ్బు పెరుగుతుంది, పగిలితే అంతా పోతుంది. ఒత్తిడికి గురైన పురుషులు మరింత తెగించారు, స్త్రీలు మరింత జాగ్రత్త పడ్డారు. ఇటువంటి చిన్న ప్రయోగాన్ని పట్టుకొని ప్రతి ఇంటి జమాఖర్చులకూ అన్వయించడం తగదు. మందుల విషయం అలా కాదు, అక్కడ నష్టం ప్రత్యక్షం. జోల్పిడెం అనే నిద్రమాత్ర స్త్రీల శరీరం నుండి నెమ్మదిగా తొలగుతుంది. మందు మార్కెట్టులోకి వచ్చి ఇరవై ఏళ్లు గడిచాక, 2013లో గాని అమెరికా ఔషధ సంస్థ స్త్రీలకు మోతాదును 10 మిల్లీగ్రాముల నుండి 5కు తగ్గించమనలేదు. అంతవరకు ఎందరు స్త్రీలు తెల్లవారి మత్తుతోనే వాహనాలు నడిపారో! మన నిజామాబాద్ ప్రాంతంలో రోజంతా చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీలు దడ, నిద్రలేమి, తలతిరుగుడు అని చెప్పినప్పుడు ‘నరాల బలహీనత’ అని రెండు గోళీలు వ్రాసి పంపే అలవాటు వైద్యులలో చాలాకాలం ఉండేది. ప్రమాణం పురుష శరీరమైనప్పుడు దానికి సరిపోని బాధలన్నీ బలహీనతలుగానే కనిపిస్తాయి.

జంతువుల ఒత్తిడిని కొలిచే పని మనకు దగ్గరలోనే, హైదరాబాద్‌లో జరుగుతున్నది. సీసీఎంబీకి చెందిన లాకోన్స్ అనే వన్యప్రాణి పరిశోధనాలయం అత్తాపూర్‌లో ఉన్నది. దాని స్థాపనకు మూలపురుషులు లాల్జీ సింగ్. పులిని పట్టుకొని రక్తం తీస్తే, పట్టుకున్నందుకే కార్టిసోల్ పెరిగిపోతుంది, కొలిచినదానికి విలువ ఉండదు. అందువలన ఇటువంటి పరిశోధనలో పెంటను సేకరిస్తారు. హార్మోన్ విరిగిపోయిన భాగాలు అందులో మిగిలి ఉంటాయి గనుక అంతకు ముందరి గంటల స్థితి తెలుస్తుంది. ఉమాపతి బృందం కాన్హా, బాంధవ్‌గఢ్ పులుల మీద చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. పర్యాటకుల వాహనాలు తిరిగే నెలలలో పులుల ఒత్తిడి హార్మోన్లు పెరిగినట్టు అందులో తేలింది. ఆ పెంటలోని డీఎన్ఏ నుండి అది ఆడదో మగదో కూడా తెలుసుకోవచ్చు. కానన్ పిల్లులను తలచుకుంటే ఆ వివరం ఎంత అవసరమో అర్థమవుతుంది.

చెరుకు పండించే తెలుగు నేలలో ఈ శాస్త్రం నేరుగా రైతును తాకే చోటు చిత్తూరు జిల్లా. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి ఏనుగులు అటు వచ్చి స్థిరపడ్డాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. దక్షిణాది అడవులలో ఏనుగులను అనుసరించిన రామన్ సుకుమార్, మాధవ్ గాడ్గిల్ 1988లో ఒక సంగతి ప్రకటించారు. పంటల మీదకు మగ ఏనుగు వెళ్లే రాత్రులు, ఆడ ఏనుగుల మంద వెళ్లే రాత్రులకంటే అనేక రెట్లు ఎక్కువ. మగదానికి సంతానం దక్కాలంటే పెద్ద శరీరం కావాలి, దానికి మంచి మేత కావాలి, అందుకోసం తుపాకికీ, కరెంటు తీగకూ ఎదురు వెళ్లడం దానికి గిట్టుబాటు అవుతుందని వారి వివరణ. గున్నలున్న ఆడదానికి ఆ లెక్క కుదరదు.

మనుషుల మధ్య తిరిగే ఏనుగు నిత్యం భయంతో ఉంటుందనీ, దాని ఒత్తిడి హార్మోన్లు ఆకాశాన్నంటుతాయనీ మనం అనుకుంటాము. కర్ణాటకలో పొఖరెల్, సుకుమార్ ప్రభృతులు పెంట నమూనాలతో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఇందుకు భిన్నంగా వచ్చింది. పంటలు మేసే ఏనుగులలో ఒత్తిడి హార్మోన్ అడవిలోని ఏనుగులకంటే తక్కువగా ఉన్నది. పొలంలోని మేత పోషకం ఎక్కువ కావడమే కారణం కావచ్చునని వారు భావించారు. రాత్రంతా టపాసులు కాల్చి, డప్పులు కొట్టి కాపలా కాసే రైతు రక్తంలో ఆ వేళ కార్టిసోల్ ఎంత ఉంటుందో కూడా కొలవవలసి ఉన్నది.