సంగడి

తెలుగు పాఠంలో 'సంగడికాడు' అనే మాట వస్తే పిల్లలు 'స్నేహితుడు' అని ఠక్కున చెప్తారు. సంగడి అంటే ఏమిటర్రా అంటే నోరు తెరవరు. రెండు దోనెల్ని పక్కపక్కన చేర్చి, అడ్డంగా వాసాలేసి బిగించి కట్టిన పడవే సంగడి. బ్రౌన్ నిఘంటువులోనూ ఈ మాట ఉంది. తాటిమొద్దు తొలిచిన దోనె అడుగు గుండ్రంగా ఉంటుంది. ఒక్కటే అయితే మనిషి కాస్త ఒరిగినా దొర్లుతుంది. ఇంకో దోనెను జతచేస్తే ఒకటి మునగబోయినప్పుడు రెండోది నిలబెడుతుంది. ఆ నిలబెట్టడంలోంచే స్నేహితుడనే అర్థం వచ్చిందని మేము అనుకుంటాం. పండితులు ఒప్పుకుంటారో లేదో!

గోదావరి మీద పడవల చరిత్ర అనగానే పుస్తకాలు కాటన్ దొరతో మొదలవుతాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆ తర్వాత ఎగువ గోదావరిలో ఆవిరి పడవలు నడపాలని హేగ్ అనే ఇంజనీరు చేత పనులు చేయించారు. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర నదికి అడ్డంగా ఉన్న రాళ్ళు వాళ్ళకు అడ్డంకి. ఖర్చు పెరిగి 1871లో పని ఆపేశారు. ఆ పనులకు ముందూ తర్వాతా ఇదే నీటి మీద తిరిగిన కోయలు, కొండరెడ్ల దోనెల గురించి ఆ లెక్కల్లో వెతికితే దొరికేది తక్కువ. రోడ్డు లేని ఊళ్ళకు సంతైనా, పురుడైనా, పెళ్ళైనా నదే దారి.

ఆ దారికి పెద్దల కట్టుబాట్లు ఉండేవి. ఎండాకాలం పాపికొండల సందులో మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుంది, అందుకే దాటేది పొద్దున్నే. అవతలి రేవుకు తిన్నగా వెయ్యకూడదు. ఒడ్డు వెంట నెమ్మది నీటిలో ఎగువకు పోయి, అక్కడి నుంచి ఏటవాలుగా వదలాలి, ప్రవాహమే రేవులో దింపుతుంది. బరువంతా అడుగున, మనుషులు కూర్చునే ఉండాలి. నీళ్ళు ఎర్రబడి చెత్తాచెదారం కొట్టుకొస్తుంటే ఎంత అవసరమైనా దోనె విప్పకూడదు. పిల్లల నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టేవాళ్ళు. దోనె తిరగబడితే "ఒడ్డుకు ఈదకురా, దోనెనే పట్టుకో" అనేవాడు మా తాత. కర్ర మునగదు, చేతులు అలిసిపోతాయి.

లాంచీలు వచ్చాక ఈ జాగ్రత్తలు సరంగు పనైపోయాయి. 2018 మే 15 సాయంత్రం మంటూరు దగ్గర ఈదురుగాలికి లాంచీ మునిగింది. వానకు తలుపులు, కిటికీలు మూసుకున్నవాళ్ళు బయటికి రాలేకపోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది మా జనమే. మరుసటి ఏడు సెప్టెంబరు 15న, నదిలో 5 లక్షల క్యూసెక్కుల వరద పోతుండగా, కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు తిరగబడింది. అందులో 77 మంది. బతికిన 26 మందిని నాటు పడవలతో ఎదురెళ్ళి పైకి లాగింది చుట్టుపక్కల ఊళ్ళ గిరిజనులు. మునిగిన బోటును 38 రోజుల తర్వాత ధర్మాడి సత్యం బృందం లంగర్లేసి బయటికి తీసింది. పేపర్లు ఆ సంగతి వివరంగా రాశాయి. నాటు పడవలకు రెండు వాక్యాలు దక్కాయి.

ఇప్పుడు పోలవరం కాఫర్ డ్యాం వెనక నీరు నిలుస్తోంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వేలేరుపాడు వైపు ఊళ్ళు పడవల మీదే కదిలాయి. ఈ నిలవనీరు మా తాతలు చూసిన నది కాదు. పోటు లేదు, ఏటవాలు లెక్క కుదరదు. వెడల్పు పెరిగింది కాబట్టి గాలికి అలలు లేస్తాయి. మునిగిన చెట్ల మోడులు ఎక్కడున్నాయో పైకి కనిపించవు. వరదలో పిల్లల్ని ఎక్కించుకుని ఆ నీటి మీదకు వెళ్ళేవాళ్ళకు పాత కట్టుబాట్లు కొన్నే పనికొస్తాయి. మిగిలినవి కొత్తగా కట్టుకోవాలి. గాలి గురించీ, బరువు గురించీ, దోనెను వదలొద్దన్న మాట గురించీ మేము బడిలో చెప్తున్నాం. లైఫ్ జాకెట్టు తొడుక్కోమంటే పిల్లలు నవ్వుతారు. సొరకాయ బుర్ర కథ చెప్తే వింటారు.

కాలనీలో మా పెదనాన్న ఇంట్లో, స్లాబు కింద మేకుకు తెడ్డు ఒకటి వేలాడుతోంది. దోనె ఊరి దగ్గరే ఉండిపోయింది.