మాల్దీవుల్లో పర్యాటకం

1972లో రాజధాని మాలె దగ్గరి విహామనాఫుషి దీవిలో కురుంబా రిసార్ట్ తెరుచుకునే నాటికి మాల్దీవులకు ట్యూనా చేపల వేటే జీవనాధారం. పగడపు రాతి గోడలు, పైన కొబ్బరాకు కప్పు: తొలి గదుల వైభవం అంతే. తర్వాత జనావాసం లేని దీవులను ఏరి, దీవికొక రిసార్ట్ చొప్పున కౌలుకిచ్చారు. కట్టడాలు చెట్ల తలలు దాటకూడదన్నారు. పగడపు దిబ్బల సంగతి మాత్రం ఆలస్యంగా పట్టింది. ఇళ్లకూ ప్రహరీలకూ ఆ రాయినే తవ్వేవారు. 1990లలో తవ్వకంపై ఆంక్షలు పెట్టినా, 1998లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారాయి. మరోవైపు మాలె చెత్తా రిసార్టుల చెత్తా కలిసి ఒక మడుగును పూడ్చి తిలఫుషి దీవిని చేశాయి. 2010లో సొరచేపల వేటను నిషేధించారు. చచ్చిన సొర కన్నా బతికిన సొరే డైవింగ్ పర్యాటకుల వల్ల ఎక్కువ సంపాదించి పెడుతుంది మరి. ఊళ్లున్న దీవుల్లో అతిథిగృహాలకు 2009 ప్రాంతంలో దారి తెరిచాకే పర్యాటక రాబడిలో కొంత స్థానిక కుటుంబాల చేతికి నేరుగా అందింది.