తొలి మహిళా దౌత్యవేత్త ముత్తమ్మ

మన దేశపు విదేశాంగ సర్వీసులో చేరిన మొట్టమొదటి మహిళ శ్రీమతి కాదు, కుమారి చోనిర బెల్లియప్ప ముత్తమ్మ. ఈ కుమారి అన్న మాట వెనుక ఒక చరిత్ర ఉంది. దానిని మన ఆడపిల్లలకు చెప్పాలని మా తలంపు.

ముత్తమ్మ 1924లో కొడగులోని విరాజ్‌పేటలో జన్మించారు. తొమ్మిదవ ఏట తండ్రి పోయారు. తల్లి పట్టుదలతో నలుగురు పిల్లలనూ చదివించింది. ముత్తమ్మ మద్రాసు ఉమెన్స్ క్రిస్టియన్ కాలేజీలోనూ, ప్రెసిడెన్సీ కాలేజీలోనూ చదివారు. మన చిత్తూరు జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనిదే. పై చదువులంటే మన పెద్దలు చూసినదీ ఆ నగరం వైపే.

1948లో సివిల్ సర్వీసు పరీక్ష ప్యాసై, 1949లో ఆమె విదేశాంగ సర్వీసులో చేరారు. ఇంటర్వ్యూ చేసిన పెద్దలే ఆ ఉద్యోగం వద్దని నచ్చజెప్పబోయారు. ఆమె వినలేదు. పెళ్లి చేసుకుంటే రాజీనామా ఇస్తానని ఆమెచేత రాయించుకున్నారు. మగవారికి ఈ షరతు లేదు. ఆమె అవివాహితగానే ఉండిపోయారు.

1970లో హంగరీకి రాయబారిగా వెళ్లారు. విజయలక్ష్మీ పండిట్ 1947లోనే మాస్కో వెళ్లారు కదా అని పాఠకులు అడగవచ్చు. నిజమే, అయితే ఆవిడ రాజకీయాల నుంచి వచ్చినవారు. పరీక్ష రాసి, మెట్టుమెట్టుగా ఎదిగి రాయబారి అయిన తొలి మహిళ ముత్తమ్మే.

ఉద్యోగాల్లో స్త్రీ పురుష భేదం చూపరాదని 1950 నాటి రాజ్యాంగం చెప్పింది. అయినా 1961లో చేసిన సర్వీసు నిబంధనల ప్రకారం మహిళా అధికారి పెళ్లికి ప్రభుత్వ అనుమతి పొందాలి. సంసార బాధ్యతలు పనికి అడ్డమనిపిస్తే ఆమెను రాజీనామా చేయమనవచ్చు. పై గ్రేడు ప్రమోషన్ తనకు నిరాకరించినప్పుడు ముత్తమ్మ ఈ వివక్షనంతా సుప్రీంకోర్టు ముందు పెట్టారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ఆమెకు ప్రమోషన్ ఇచ్చింది. పెళ్లి అనుమతి నిబంధనను తీసేసింది. 1979 సెప్టెంబరులో జస్టిస్ కృష్ణయ్యర్ పిటిషన్ కొట్టివేస్తూనే, ఇటువంటి నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని గట్టిగా మందలించారు. ఆమె సీనియారిటీని తిరిగి పరిశీలించమన్నారు.

నెదర్లాండ్స్‌లో కూడా రాయబారిగా పనిచేసి 1982లో ఆమె రిటైరయ్యారు. 2009లో బెంగుళూరులో కన్నుమూశారు. తాను అనుభవించలేని హక్కును తర్వాతివారికి సంపాదించి పెట్టారు. 2001లో చోకిలా అయ్యర్ తొలి మహిళా విదేశాంగ కార్యదర్శి అయ్యారు.

“రిష్తా కుదిరింది సార్” అంటూ బాగా చదివే పిల్లను బడి మాన్పించడం మేము తరగతి గదుల్లో చూస్తూనే ఉన్నాము. తల్లిదండ్రులారా! సర్కారే ఆ నిబంధన కొట్టేసింది. మన ఇళ్లలో ఇంకా ఎందుకు?