కప్పం, హద్దు, పట్టా: ఏటూరునాగారం ప్రాంతంలో స్వేచ్ఛ, రాజ్యాధికారం

హక్కులు ప్రభుత్వం ప్రసాదించేవి కావనీ, వాటి రక్షణకే ప్రభుత్వాలు ఏర్పడతాయనీ 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన సారాంశం. ఈ సూత్రాన్ని ఏటూరునాగారం అటవీ ప్రాంత చరిత్రతో పోల్చి పరిశీలిస్తే దాని బలమూ పరిమితీ స్పష్టమవుతాయి.

సమీపంలోని మేడారం కోయల మౌఖిక కథనంలో సంఘర్షణకు మూలం కప్పం. కరవు కాలంలో కప్పం చెల్లించలేకపోయిన పగిడిద్దరాజుపై కాకతీయ ప్రతాపరుద్రుని సేన దండెత్తింది. జంపన్న ఒరిగిన సంపెంగవాగు జంపన్నవాగైంది. సమ్మక్క చిలుకలగుట్టపై అదృశ్యమైంది. యుద్ధంలో గెలిచింది రాజే అయినా, రెండేళ్లకొకసారి జాతరలో పూజలందుకునేది ఆయనను ఎదిరించినవారు. కోయల సామూహిక స్మృతి ధిక్కారాన్నే నిలుపుకొంది.

ఆధునిక రాజ్యం మరో రూపంలో వచ్చింది. 1355 ఫస్లీ నాటి హైదరాబాదు అటవీ చట్టం, 1950ల తొలినాళ్లలో ఏర్పడిన అభయారణ్యం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవికి హద్దులు గీశాయి. పోడు వ్యవసాయం నేరమైంది. కప్పం పంటలో వాటా అడిగింది. అటవీ చట్టం పంట పండే నేలనే తనదంది.

అయితే గిరిజనుని నేలకు ముప్పు రాజ్యం నుంచి మాత్రమే రాలేదు. అప్పు పత్రం ద్వారానూ భూమి చేజారింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణకు విస్తరించాయి. 1970లో వాటిని సవరించిన 1/70, షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదంది. క్రయవిక్రయ స్వేచ్ఛ దృష్టితో చూస్తే ఇది ఆంక్ష. అసమానుల మధ్య జరిగే ఒప్పందంలో మాత్రం బలహీనుని స్వేచ్ఛకు ఈ ఆంక్షే ఆధారం. రాజ్యం తప్పుకొంటే చాలు స్వేచ్ఛ సిద్ధిస్తుందనే వాదం ఇక్కడ నిలవదు.

2006 నాటి అటవీ హక్కుల చట్టం తన పేరులోనే ‘గుర్తింపు’ అన్న మాటను చేర్చుకుంది. అటవీవాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని పీఠికలో అంగీకరించింది. గుర్తించడమంటే హక్కు ముందే ఉందని ఒప్పుకోవడం. కానీ 2005 డిసెంబరు 13 నాటికి భూమి తన సాగులో ఉందని గిరిజనుడే నిరూపించుకోవాలి. గ్రామసభలో మొదలైన దరఖాస్తుపై తుది నిర్ణయం జిల్లా స్థాయి కమిటీది. ఆమోదం లభించినా నాలుగు హెక్టార్లకు మించదు.

హక్కు రాజ్యం కన్నా పాతదని చట్టం ఒప్పుకొంది. రుజువు బాధ్యతను మాత్రం హక్కుదారుపైనే ఉంచింది. ఏటూరునాగారం అడవిలో స్వేచ్ఛ చరిత్ర నేటికీ ఈ వైరుధ్యంలోనే నడుస్తోంది.