కాటిసీను పద్యాలు, మాంచెస్టరు సింగిల్స్

గాయకుడో బృందమో ఏళ్ల తరబడి పాడినవాటిలోంచి జనం బాగా మెచ్చినవి ఏరి, ఒకే రికార్డుగా తెస్తే దాన్ని గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బం అంటారు. అందులో కొత్త పాట ఒక్కటీ ఉండనక్కర్లేదు. 1958లో అమెరికాలో వచ్చిన జానీ మాథిస్ రికార్డును ఈ వరసకు ఆద్యంగా చెబుతారు. పేరు అప్పటిదే గానీ పని మాత్రం చాలా పాతది. ఆంధ్రదేశంలో ఆ పని మొదలై రెండువేల ఏళ్లు కావస్తోంది.

శాతవాహన రాజు హాలుడి పేరుమీద ఉన్న గాథాసప్తశతి అలాంటి ఏరికూర్పే. కోటి గాథల్లోంచి ఏడువందలు ఎంచి కూర్చినట్టు ఆ గ్రంథమే మొదట్లో చెప్పుకుంది. భాష ప్రాకృతం. లోపల ఉన్నది మాత్రం పొలం గట్లు, గోదావరి రేవులు, అత్తాకోడళ్లు, దూరదేశం పోయిన మగడికోసం ఎదురుచూసే ఇల్లాళ్లు. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా ఏరే పని ఎక్కువగా జనం నాలుకమీదే సాగింది. శ్రీనాథుడు పల్నాటి జొన్నకూడు మీద, నీటి ఎద్దడి మీద చెప్పాడని ప్రచారంలో ఉన్న చాటువులను చాలాకాలం ఎవరూ పుస్తకంలో దాచలేదు. నచ్చినవి నిలిచాయి, నచ్చనివి పోయాయి. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు 693 అచ్చువేశాడు. నోటిలో తిరిగే సరుకు కాగితం మీదికి ఎక్కింది.

ఇంతలో గ్రామఫోన్ వచ్చింది. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్‌జాన్ గొంతును రికార్డు చేశాడు. 1908లో అక్కడే ప్లేట్ల తయారీ కర్మాగారం వెలిసింది. లక్కతో చేసిన ఆ పది అంగుళాల ప్లేటులో ఒక్కోవైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. రాత్రంతా సాగే తెలుగు నాటకంలో ఆ మూడు నిమిషాల్లో ఇమిడేది పద్యం ఒక్కటే. ఆలాపనతో ఎత్తుకుని, నాలుగు పాదాలు పాడి, చివర రాగం సాగదీసి ఆపితే ప్లేటు నిండేది. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, అద్దంకి శ్రీరామమూర్తి వంటివారి గొంతులు రంగస్థలం దాటి, నాటకం చూడనివాళ్ల ఇళ్లకూ చేరాయి. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం రఘురామయ్య ఈలపాట ఆయన ఇంటిపేరునే మార్చేసింది.

అప్పట్లో అదే జిల్లాలో ఉన్న చిలకలూరిపేటకు ఆ రోజుల్లో పేరు తెచ్చింది నాదస్వరం. కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా, తండ్రి కాశిం సాహెబు దగ్గర తొలిపాఠాలు అయ్యాక ఈ ఊరి విద్వాంసుడు ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నారు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడి 1998లో సంగీత కళానిధి అయ్యారు. నాదస్వరం పెళ్లిపందిరిని, గుడిని ఏలుతుంటే రాత్రిపూట తిరునాళ్లను హార్మోనియం ఏలింది. ఆ హార్మోనియం సాయంతో తెలుగువాళ్లు తమకు తెలియకుండానే తయారుచేసుకున్న గొప్ప సంకలనం ఒకటుంది. అది హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను.

సత్యహరిశ్చంద్రీయం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1881లో బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టారు. తర్వాతి కాలంలో సినిమాలకూ రాశారు. 1939 నాటి మళ్ళీపెళ్ళి మాటలు, పాటలు ఆయనవే. జనం గుండెల్లో ఆయన్ను నిలబెట్టింది మాత్రం హరిశ్చంద్రుడే. భోజనాలయ్యాక తెర లేచేది. రాజ్యం పోవడం, నక్షత్రకుడి వేధింపులు, వారణాసి వీధిలో ఆలిని అమ్ముకోవడం వరసగా జరిగేవి. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము దగ్గరపడేది. పిల్లలు చాపలమీద నిద్రపోయి ఉండేవారు. పెద్దవాళ్లు వాళ్లను తట్టి లేపేవారు. భుజాన గొంగడి, చేతిలో కర్రతో కాటికాపరి వేషంలో హరిశ్చంద్రుడు వచ్చి నిలబడగానే పందిరంతా సద్దుమణిగేది.

అక్కడ నటుడు పాడే పద్యాలన్నీ బలిజేపల్లివి కావు. వాటిలో బాగా పేరున్నవి గుర్రం జాషువా శ్మశానవాటి ఖండికలోవి. జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పి పొట్టపోసుకున్నారు, బడిపంతులుగా చేశారు, 1941లో గబ్బిలం రాశారు. శ్మశానవాటిని ఆయన నాటకం కోసం రాయలేదు. అది విడిగా రాసిన ఖండిక. నటులు దాన్ని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. బలిజేపల్లి నాటకం ఒక రాజును శ్మశానం దాకా నడిపించి నిలబెట్టింది. అక్కడ నిలబడ్డ మనిషికి లోకమంతా ఎలా కనిపిస్తుందో జాషువా చెప్పారు. చక్రవర్తికీ బిచ్చగాడికీ అక్కడ ఒకటే నేల. కవి, కళాకారుడు, పసిబిడ్డ, ముత్తయిదువ అందరూ అక్కడికి రావలసినవాళ్లే. కులం పేరుతో బతుకంతా అవమానాలు పడ్డ కవి ఆ సమానత్వాన్ని ఊహించి రాయలేదు, కోరి రాశారు. అందుకే ఆ పద్యాల్లో ఏడుపు కన్నా నిలదీత ఎక్కువగా వినిపిస్తుంది.

రాముడి గుడిముందు వేసిన పందిట్లో, కులాలవారీగా విడివిడిగా కూర్చున్న జనం ఆ పద్యాలకు ఒక్కటిగా వన్స్‌మోర్ కొట్టారు. పల్నాటి పల్లెల చరిత్రలో అంతకన్నా పెద్ద సాహిత్య ఘటన ఇంకొకటి వెతికితే దొరకడం కష్టం. వన్స్‌మోర్ అన్నాక నటుడు కథలో చనిపోయిన కొడుకును వదిలి లేచి మళ్లీ అదే పద్యం ఎత్తుకోవాల్సిందే. కథ ఆగిపోతుందని విమర్శకులు విసుక్కున్నారు. కథ అందరికీ తెలిసిందే, జనం వచ్చింది పద్యంకోసం. ఏ పద్యం ఉండాలి, ఏది పోవాలి అన్నది ఊరూరా ఆ కేకలే తేల్చాయి. నాటకాల కాంట్రాక్టరు కూడా ఆ తీర్పునే పాటించాడు. ఒకే రాత్రి మొదటి హరిశ్చంద్రుడు, రెండో హరిశ్చంద్రుడు అని ఇద్దరిని పెట్టి, పేరున్న గొంతును కాటిసీనుకు అట్టిపెట్టేవాడు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల్లో రాయబారం సీనుకూ ఇదే పద్ధతి. చివరికి కాటిసీను నాటకం నుంచి విడిపోయింది. బడి వార్షికోత్సవాల్లో ఏకపాత్రాభినయంగా వచ్చింది, పోటీల్లోకి వచ్చింది. హరిశ్చంద్రుడుగా డి.వి. సుబ్బారావు పాడిన పద్యాలు నాటకంతో పనిలేకుండా క్యాసెట్లలో తెలుగు జిల్లాలన్నీ తిరిగాయి. ఇద్దరు కవుల రచన, జనం ఎంపిక, ఒక గొంతు కలిస్తే వచ్చిన సంకలనం అది.

సినిమా ఈ పద్యాన్ని తనలో కలుపుకుంది. సినిమా గాయకుడు ఘంటసాల సినిమాకు బయట పాడిన కరుణశ్రీ పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలు రంగస్థలం ఊసే లేకుండా ఇంటింటి పాటలయ్యాయి. 1974 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాక వెలువడిన భగవద్గీత రికార్డూ ఏరికూర్చినదే. ఏడువందల శ్లోకాల్లోంచి నూరు పైచిలుకు ఎంచి, తెలుగు తాత్పర్యంతో పాడారు. తెలుగునాట చావు జరిగిన ఇంటిదగ్గర మైకులో వినిపించేది ఆ ఎంపికే. గీత మొత్తం తెలియనివాళ్లకు కూడా ఆ శ్లోకాల వరస తెలుసు.

సరిగ్గా ఆ దశాబ్దం చివర్లో ఇంగ్లండులోనూ మూడు నిమిషాల సరుకు ఇలాంటి దారే పట్టింది. 1976, 77ల్లో పంక్ అనే గోల చెలరేగి చల్లారాక, మూతపడుతున్న మిల్లుల ఊళ్లలో కుర్రాళ్లు మరింత చీకటిగా, ఆలోచనతో పాటలు కట్టారు. దాన్ని పోస్ట్‌పంక్ అన్నారు. వీళ్లలో చాలామంది పాటను సింగిల్ అనే చిన్న రికార్డుగా విడిగా తెచ్చేవారు, ఆల్బంలో చేర్చేవారు కాదు. మాంచెస్టరు బృందం జాయ్ డివిజన్ చేసిన స్టూడియో ఆల్బంలు రెండే. గాయకుడు ఇయాన్ కర్టిస్ 1980 మే 18న ఇరవైమూడేళ్లకే ప్రాణం తీసుకున్నాడు. ఆ వెంటనే మారుమోగిన వాళ్ల పాట లవ్ విల్ టేర్ అస్ అపార్ట్ ఆ రెంటిలోనూ లేదు. 1988లో వచ్చిన సబ్‌స్టెన్స్ అనే సంకలనం విడి సింగిల్స్‌ను ఒకచోట చేర్చింది. కాబట్టి ఆ సంకలనాన్ని పాతసరుకు మళ్లీ అమ్మడంగా కొట్టిపారేయడానికి లేదు. అది లేకపోతే ఆ బృందం సగమే తెలుస్తుంది. మిగిలిన సభ్యులు పెట్టిన న్యూ ఆర్డర్‌కు అంతకు ముందు ఏడాదే అదే పేరుతో సంకలనం వచ్చింది. వాళ్ల రికార్డు కంపెనీ పెద్ద టోనీ విల్సన్ తన జాగ్వార్ కారులో ఆ బృందం సింగిల్స్ అన్నీ సీడీలో వినాలని ముచ్చటపడటమే దానికి కారణమని చెబుతారు.

లివర్‌పూల్ బృందం ఎకో అండ్ ది బన్నీమెన్ 1985లో తెచ్చిన సాంగ్స్ టు లెర్న్ అండ్ సింగ్ కూడా అలాంటి సింగిల్స్ సంకలనమే. అందులో ది కట్టర్ అనే పాట ఉంది. ఆ పాటలో వయొలిన్ మద్రాసువాడైన ఎల్. శంకర్‌ది. ఆయన వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రహ్మణ్యం తమ్ముడు. కర్ణాటక సంగీతం తెలిసిన చెవికి ఆ తీగల వంపు వెంటనే తెలిసిపోతుంది.

మన దగ్గర 1980ల్లో క్యాసెట్ వచ్చాక ఏరే హక్కు కంపెనీ చేతిలోంచి జారింది. చిన్న ఊళ్లలో కూడా రికార్డింగ్ సెంటర్లు వెలిశాయి. ఖాళీ క్యాసెట్, పాటల చీటీ ఇచ్చి వెళ్తే, చెప్పిన వరసలో ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్టా, తొంభైదా అన్న లెక్కతో పాటలు తెగేవి. ఒకే క్యాసెట్లో ఒకవైపు ఇళయరాజా పాటలు, రెండోవైపు రాయబారం పద్యాలు ఉండటం వింత కాదు. చిలకలూరిపేట మీదుగా పోయే జాతీయ రహదారిపై లారీ డ్రైవర్లు ఇలాంటి క్యాసెట్లతోనే రాత్రులు గడిపారు.

ఆ తర్వాత సీడీ వచ్చింది, ఎంపీత్రీ వచ్చింది, ఫోన్ దుకాణంలో మెమరీ కార్డు నింపించుకోవడం వచ్చింది. ఇప్పుడు యాప్ తనే జాబితా తయారుచేసి ఇస్తోంది. చిలకలూరిపేట దగ్గరి పురుషోత్తమపట్నం నుంచి శివరాత్రికి కోటప్పకొండకు కదిలే ప్రభల ముందు సౌండు సిస్టమ్‌లో అరనిమిషానికో పాట మారుతుంది. యూట్యూబులో కాటిసీను పది, పదిహేను నిమిషాల ముక్కలుగా దొరుకుతుంది. చాలాచోట్ల నటుడి పేరు ఒక్కటే కనిపిస్తుంది. బలిజేపల్లి పద్యం ఎక్కడ ఆగి జాషువా పద్యం ఎక్కడ మొదలైందో చెప్పేవాళ్లు లేరు.  నక్షత్రకుడి నుంచి కాటి యజమాని వీరబాహుడి దాకా నాటకం మొత్తం చూడాలనుకునేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఏ తిరునాళ్లలో పద్యనాటకం పెడుతున్నారో కనుక్కుని అక్కడికి వెళ్లాల్సిందే.