గేమింగ్ మౌస్ ప్యాడ్
కంప్యూటర్ ఆటల్లో మౌస్ ఎంత జోరుగా జారాలో, ఎక్కడ ఆగాలో చాలావరకు తేల్చేది దాని కింది ప్యాడే.

డెన్మార్క్ సంస్థ స్టీల్‌సిరీస్ తొలి రోజుల్లో ఐస్‌మ్యాట్ అనే గాజు ప్యాడ్ అమ్మింది. ఎక్కువ ఆదరణ పొందింది మాత్రం దాని గుడ్డ ప్యాడ్ క్యూసీకే. గాజు మీద రాపిడి తక్కువ. మౌస్ ఇట్టే జారుతుంది, ఆపడమే కష్టం. గుడ్డ నేత కాస్త పట్టి ఉంచుతుంది కనుక గురి నిలుస్తుంది. చెమట, తేమ తగిలితే మాత్రం దాని మీద మౌస్ మందగిస్తుంది.

గురిపెట్టి కాల్చే ఆట కౌంటర్ స్ట్రైక్ ఆడేవారిలో చాలామంది మౌస్ సెన్సిటివిటీ (చేతి కదలికకు తెరపై గురి ఎంత జరగాలన్న కొలత) తగ్గించుకుని, మణికట్టుతో కాక చేయంతా కదిపి ఆడతారు. వారికి సుమారు 45 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. చిన్న ప్యాడైతే మాటిమాటికీ మౌస్ ఎత్తి పెట్టుకోవాలి.

ప్యాడ్ 6 మిల్లీమీటర్ల మందం ఉంటే మణికట్టుకు హాయి. కానీ గట్టిగా నొక్కి పట్టేవారికి మౌస్ అందులో కూరుకుంటుంది. కొన్ని ప్యాడ్ల అంచున ఉండే రంగు లైట్లకు పెట్టే అదనపు ధర అలంకారానికే.