పదివేల వోల్టులు, గోధుమరంగు కాగితం

లండన్‌లో న్యూ బాండ్ స్ట్రీట్‌లో గ్రాస్వెనర్ గ్యాలరీ అని ఓ చిత్రశాల ఉండేది. దాని యజమాని సర్ కూట్స్ లిండ్సే 1883 ప్రాంతంలో తన బొమ్మల గదులకు కరెంటు దీపాలు పెట్టించుకున్నాడు. అవి చూసి ఇరుగుపొరుగువాళ్లు మాకూ కరెంటు ఇవ్వమన్నారు. వీధి తవ్వి తీగలు వెయ్యాలంటే 1882 నాటి చట్టం కింద అనుమతులు కావాలి. మేడల కప్పుల మీదుగా లాగితే ఆ పేచీ లేదు. అందుకని కప్పుల మీద తీగలు బట్టలారేసే తాళ్లలా అల్లుకుపోయాయి. 1886లో గ్యాలరీ కరెంటు యంత్రాలు మాటిమాటికీ మొరాయిస్తుంటే, బాగుచెయ్యమని ఇరవై దాటిన ఓ కుర్రవాణ్ణి పిలిచారు. అతనే సెబాస్టియన్ డి ఫెరాంటీ.

ఫెరాంటీ యంత్రాలతో ఆగలేదు. కరెంటును ఊరి నడిబొడ్డున పుట్టించడమే తప్పన్నాడు. థేమ్స్ ఒడ్డున డెప్ట్‌ఫర్డ్‌లో స్థలం చవక, బొగ్గు పడవల్లో వస్తుంది, నీళ్లకు లోటు లేదు. కాని లండన్ నడిబొడ్డు అక్కడికి చాలా దూరం. అంత దూరం దారిలో వృథా కాకుండా కరెంటు రావాలంటే వోల్టేజీ పెంచాలి. అప్పటికి గ్యాలరీ తీగల్లో నడిచేది 2,400 వోల్టులు. అతను 10,000 అన్నాడు, అదీ భూమి కింద!

1889లో ప్రభుత్వ విభాగమైన బోర్డ్ ఆఫ్ ట్రేడ్ తరఫున మేజర్ మారిండిన్ బహిరంగ విచారణ జరిపాడు. లండన్‌లో ఏ పేటకు ఎవరు కరెంటు ఇవ్వాలి, ఏ పద్ధతిలో ఇవ్వాలి అన్నది తేల్చాలి. పోటీ కంపెనీలు, స్థానిక పాలక సంఘాలు, ఇంజనీర్లు అందరూ వాదనలు వినిపించారు. చివరికి ఫెరాంటీ పనిచేస్తున్న కంపెనీకి ఆశించినంత ప్రాంతం దక్కలేదు. అతని కలకు ఇది పెద్ద దెబ్బే. అయినా ఆ విచారణ అవసరమైనదే అని నా నమ్మకం. తమ ఇంటి ముందు నేలలో ఏం పాతుతున్నారో అడిగే హక్కు అక్కడ నివసించేవాళ్లకు ఉంటుంది కదా.

ప్రధాన లైన్లకు వీధులు తవ్వే తగువు లేకుండా, ఫెరాంటీ చాలా దూరం రైలు పట్టాల వెంబడే దారి ఎంచుకున్నాడు. దారి దొరికింది గాని కేబుల్ దొరకలేదు. బజారులో ఉన్న కేబుళ్లేవీ 10,000 వోల్టులకు ఆగలేదు. ఇక తనే తయారుచేసుకున్నాడు. ఒక రాగి గొట్టం చుట్టూ మైనంలో నానబెట్టిన గోధుమరంగు కాగితాన్ని పొరలు పొరలుగా చుట్టాడు. దాన్ని మరో రాగి గొట్టంలో దూర్చి, మళ్లీ కాగితం చుట్టి, ఇనుప గొట్టంలో పెట్టాడు. ఒక్కో ముక్క ఇరవై అడుగులు. మొత్తం 28 మైళ్లకు అతుకులే ఏడు వేల పైచిలుకు. ఏ ఒక్క అతుకు వదులైనా లైను పోయినట్టే.

కాగితాన్ని నమ్ముకుని 10,000 వోల్టులా? రేపు ఏ కూలీ గునపమో దానికి తగిలితే? అధికారుల భయం అది. ఫెరాంటీ కాగితాల మీద లెక్కలు చూపించి ఊరుకోలేదు. కరెంటు పారుతున్న కేబుల్ మీద ఉలి ఆనించి పట్టుకోమని తన సహాయకుడికి చెప్పాడు. ఉలి మీద సుత్తి దెబ్బ పడింది. ఉలి రాగి గొట్టాలు రెండింటినీ చీల్చుకుని దిగింది. పట్టుకున్న మనిషికి ఏమీ కాలేదు. బయటి గొట్టాన్ని భూమికి కలిపి ఉంచారు కనుక కరెంటు మనిషిలోకి రాకుండా అటు నుంచి అటే నేలలోకి పోయింది. అంత నమ్మకంతో ఉలి పట్టుకున్న సహాయకుణ్ణి కూడా మెచ్చుకోవాలి.

కష్టాలు అంతటితో తీరలేదు. 1890 నవంబరులో గ్యాలరీలోని సబ్‌స్టేషన్ తగలబడింది. నెలల తరబడి సరఫరా లేక వాడకందార్లు చేజారారు. 1891లో డెప్ట్‌ఫర్డ్ నుంచి 10,000 వోల్టులు నిలకడగా పారడం మొదలైన ఏడాదే ఫెరాంటీ కంపెనీ విడిచి వెళ్లాడు. అతని కాగితపు కేబుళ్లు మాత్రం 1933 దాకా పనిచేశాయి.